ముందే పెట్టిన టిక్కులు

నాది పెడసరం నోరు. ఎవరైనా వంక పెడితే నాలుగు మాటలు ఎదురు అనందే నిద్ర పట్టదు. అలాంటిదాన్ని, ఒక తప్పుకు నన్నెవరూ ఏమీ అనలేదు. అదే నన్ను పట్టుకుని వదలడం లేదు.

నారాయణఖేడ్‌లో ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లను చూసుకోవడం నా పని. శిక్షణలో ఒకే మాట పదిసార్లు చెప్పారు. రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పాలి, వీపు చూడాలి, ఆ తర్వాతే చార్టులో టిక్కు పెట్టాలి.

నా మొదటి ఇంట్లో పక్షవాతం వచ్చిన అవ్వ ఉండేది. కోడలు పొద్దున్నే కందిచేనుకు పోయేది. నేను మనూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. నన్ను పనికి పంపే ఆఫీసు సూపర్‌వైజర్ ఏ క్షణాన వస్తుందో తెలియదు. ఖాళీ గడి చూస్తే గొడవ చేస్తుందని, వచ్చీ రాగానే సాయంత్రం దాకా టిక్కులన్నీ పెట్టేసేదాన్ని. ఆమె ఖాళీ గడులే వెతికేది, టైము చూసేది కాదు. ఎలాగూ తిప్పుతాను, ముందు పెడితే ఏం పోయిందిలే అనుకున్నాను.

ఒకరోజు బట్టలు ఉతికి వచ్చాక, ఒంటిగంటకు అవ్వను తిప్పానో లేదో గుర్తు రాలేదు. చార్టు చూశాను. టిక్కు ఉంది. హమ్మయ్య అనుకుని కూర్చున్నాను. నేను రాసిన అబద్ధాన్ని నేనే నమ్మాను, సిగ్గులేనిదాన్ని. ఆ ఒక్కరోజుతో ఆగలేదు కూడా. అవ్వ నోరు తెరిచి అడిగేది కాదు, పనిచేసేవాళ్లను సతాయించడం ఆమెకు ఇష్టముండదు.

ఒక పొద్దున దుప్పటి మారుస్తుంటే నడుము కింద నల్లగా పుండు కనిపించింది. నేనే ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ వచ్చి చార్టు తిరగేసింది.

"చార్ట్ మంచిగనే ఉంది. మరి గీ పుండు ఏంది?"

ఆమె అవ్వను అడిగింది.

"అవ్వా, గీ పిల్ల టైముకు తిప్పుతున్నదా?"

అవ్వ నా వైపు చూసింది. "తిప్పుతది. నా పెయ్యే పాతదైంది, ముసలి తోలు గదా."

సూపర్‌వైజర్ సంతకం పెట్టి వెళ్లిపోయింది. నేను మంచం పక్కన కూలబడి ఏడ్చాను.

"ఎందుకట్ల చెప్పినవ్ అవ్వా?"

"నిన్ను తీసేస్తే కొత్త పిల్ల వస్తది. ఆమెకేం తెలుస్తది? నీకిప్పుడు తెలిసింది గదా."

ఆ తర్వాత గడియారం చూసి తిప్పాను. పుండు మాత్రం ఆగలేదు. జ్వరం వచ్చి దవాఖానకు తీసుకుపోయారు. అవ్వ తిరిగి రాలేదు.

ఇప్పుడు ఇంకో ఇల్లు, ఇంకో మంచం. తిప్పి, వీపు చూసి, అప్పుడే టిక్కు పెడతాను. అయినా నిమిషం కాకుండానే లేచి వెళ్లి మళ్లీ వీపు తడుముతాను.

"ఇప్పుడే చూస్తివి గదా, ఏం పరేషాన్ నీకు?" అంటుంది ఆ ఇంటామె. గిన్నెలు తోముతుంటే మంచం కిర్రుమన్నట్టు ఉంటుంది, తడి చేతులతోనే పరుగెత్తుతాను.

అవ్వ చార్టు ఆఫీసులో ఎక్కడో ఉండే ఉంటుంది. అందులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు.