బాహులేయన్ వెలిగించిన తల

త్రివేండ్రంలోని ఒక యానిమేషన్ కంపెనీలో బాహులేయన్ పని, బొమ్మల జుట్టుకు వెలుతురు పెట్టడం. పిల్లల సినిమాలో ఒక అమ్మమ్మ పొద్దుటెండలో తల ఆరబెట్టుకుంటుంది. ఆ అమ్మమ్మ అతని ప్రాణం తోడేసింది. ఒక వెంట్రుక నీడ పక్క వెంట్రుక మీద పడకపోతే తల లోపల బల్బు పెట్టినట్టు వెలుగుతుంది. నీడ కాస్త ఎక్కువైతే నల్ల టోపీ పెట్టినట్టుంటుంది. రోజూ పొద్దున్నే అందరూ కూర్చుని పనులు చూసే గదిలో అతనికి అక్షింతలు పడుతూనే ఉన్నాయి.

ఆదివారం అతని అక్క వసుమతి తలంటుకుని, ఇంటి మెట్టు మీద ఎండకు వీపు పెట్టి కూర్చుంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఒకప్పుడు నడుము దాటిన జుట్టు పలచబడి, ఇప్పుడు నడినెత్తిన మాడు కనిపిస్తోంది. పెళ్లిళ్లకు వెళ్తే ఆ చోటు మల్లెపూలతో కప్పుకుంటుంది. బాహులేయన్ వెనకనుంచి ఫోనులో ఫోటో తీసుకున్నాడు. అడగలేదు. అడిగితే ఒప్పుకోదని తెలుసు మరి.

ఆ ఫోటో చూస్తూ పనిచేస్తే అమ్మమ్మకు ప్రాణం వచ్చింది. చివళ్లలోంచి ఎండ దూరింది, కుదుళ్ల దగ్గర నీడ చిక్కబడింది, నడినెత్తి సరిగ్గా అక్క నడినెత్తే అయింది. గదిలో చప్పట్లు కొట్టారు. పక్క సీటులో పనిచేసే నోటి దురుసు టిజో మాత్రం ఫోటో చూసి, ఈవిడకు దువ్వెన కొనడం శుద్ధ దండగన్నాడు. ఎవరి తల ఇది అని మేనేజరు ప్రమీల అడిగింది.

"నెట్‌లో దొరికింది మేడమ్," అన్నాడు బాహులేయన్. అందరితోపాటు తనూ నవ్వాడు.

ఓణం పండక్కి కంపెనీవాళ్లు ఇంటివాళ్లను కూడా పిలిచారు. తమ్ముడి పని చూడాలని అక్క జరీ అంచు కసవు చీర కట్టుకుని ఉబలాటంగా వచ్చింది. తీరా చూస్తే గోడమీద అమ్మమ్మ బొమ్మ, పక్కనే ఆ ఫోటో. అతను పీకేద్దామని పరుగెత్తేలోగా టిజో ఆవిడను చేచ్చీ, అంటే అక్కా, అని పిలుస్తూ అక్కడికి తీసుకుపోయాడు.

"చూశావా చేచ్చీ, నెట్‌లో ఎవరో ముసలావిడ. ఆవిడ బోడినెత్తే మావాడికి పేరు తెచ్చింది."

వసుమతి తన ఇంటి మెట్టును, బరువు కమ్మలకు సాగి తెగిన తన చెవితమ్మెను గుర్తుపట్టింది. తమ్ముడివైపు చూసింది. మా అక్క అన్న రెండు మాటలు చాలు. అతను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు.

"ఎవరో పాపం," అంది ఆవిడ. "చెప్పకుండా తీసినట్టున్నారు."

ఇంటికి తిరిగొచ్చే బస్సులో ఆవిడ, అక్కడి భోజనం బాగుందంది, పాయసంలో బెల్లం ఎక్కువైందంది. ఫోటో ఊసే ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. బాహులేయన్ సిగ్గుతో చితికిపోయి, కిటికీవైపు మొహం తిప్పుకున్నాడు. మర్నాడు గదిలో అందరి ముందూ అది మా అక్క తల అని చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు. వినవలసిన మనిషి మాత్రం అక్కడ లేదు.

మళ్లీ ఆదివారం మెట్టు మీద ఎండ అలాగే పడింది. వసుమతి తడి తలకు తువ్వాలు బిగించి, వంటింట్లో కొబ్బరి తురుముతోంది. జలుబు చేస్తుంది, ఎండలో కూర్చో చేచ్చీ అన్నాడు అతను.

"రేపు నువ్వు ఆఫీసుకెళ్లాక ఆరబెట్టుకుంటాలేరా," అంది ఆవిడ.