తారీకు రాసే బాబా

ముందు ఆ పైన వేసిన తారీకు కొట్టెయ్యి నాయనా. నా కథ రాసుకుంటానని వచ్చి, నేనింకా నోరు తెరవకముందే తారీకు వేసేశావా? తారీకనే ఆ మాటంటే నాకు ఇప్పటికీ భయం. ఎందుకో చెప్తాను, రాసుకో.

ఎనభైల మొదట్లో, కువైట్ పోయిన కొత్తలో, అక్కడి హవల్లీ పేటలో ఒక పాలస్తీనా పంతులింట్లో పనికి కుదిరాను. ఆయన్ని బాబా అనేదాన్ని, ఆయన భార్యని మామా అనేదాన్ని. మూడో అంతస్తు; కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే యాలకుల కాఫీ వాసన. గోడమీద తెల్లజుట్టు దొర బొమ్మ ఒకటుండేది. మామా వాళ్ల నాయనేమో అనుకుని రోజూ భక్తిగా తుడిచేదాన్ని. చూసి చూసి ఒకరోజు మామా పకపకా నవ్వింది. ఆయనది ఫ్రాన్సంట, నూరేళ్ల కిందటి మనిషి, అచ్చుపని చేసుకునేవాడి కొడుకు. పాత కాగితాల గుట్టల్లో కూర్చుని, పేరులేని జనం ఎట్లా బతికారో పుస్తకాలు పుస్తకాలు రాశాడంట. కొత్తగా గద్దెనెక్కిన రాజు తనకు విధేయంగా ఉంటానని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేదంట, ఉద్యోగం ఊడిందంట. అంతదాకా నవ్వుతున్న మామా వీధిలోకి చూసి, తలుపు గడియ పెట్టి వచ్చింది. ఎందుకో నాకర్థం కాలేదు.

బాబా బడినుంచి రాగానే కాగితం తీసి, పైన ఆ రోజు అంకెలు వేసి, పొద్దుగూకేదాకా రాసేవాడు. ఏం రాస్తున్నావని అడిగితే "తారీఖ్" అనేవాడు. ఒక్క తారీకు రాయడానికి ఇంతసేపా, ఈయన పిల్లలకేం చెప్తాడబ్బా అని జాలిపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, నెమ్మది మాటలు. ఇంట్లో నేనొక్కదాన్నే.

"మీ బాబా ఇంట్లో ఏం చేస్తాడు?"

నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పాను, "తారీఖ్ రాస్తాడు. రోజూ."

"ఎప్పటిది?"

"ఇంకెప్పటిది? ఈరోజుదే!"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను టీ కూడా ఇచ్చాను. ముట్టలేదు.

సాయంత్రం సంగతి చెప్తే, వచ్చినవాళ్లు సర్కారు నిఘా మనుషులంటూ మామా పరుగున పోయి తలుపు గడియ పెట్టింది. బాబా మాత్రం గోడమీది బొమ్మ వైపు చూసి, "మా భాషలో తారీఖంటే చరిత్ర కూడా బిడ్డా. నేను రాసేది చచ్చిపోయిన ఈయన కథ. నువ్వేమో వాళ్లతో, నేను ఈరోజు బతికున్నోళ్ల చరిత్ర రాస్తున్నానని చెప్పినావు" అన్నాడు.

"తప్పయిపాయ బాబా, నాకేం తెలుసు!" అని ఏడ్చాను.

"బొమ్మలో ఆయనుంటే నిన్ను మెచ్చుకునేవాడులే, చరిత్ర ఈరోజుదే అన్నందుకు" అన్నాడు బాబా.

నెల తిరక్కుండా బాబా ఇఖామా, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఖలాస్, రద్దయిపోయింది. రెండు పెట్టెలతో వెళ్లిపోయారు. రాసిన కాగితాలన్నీ మామా నడుముకు చుట్టుకుని, పైన నల్లటి పొడుగు అబాయా కప్పుకుంది. గోడమీద మేకు మిగిలింది. ఆ కాగితాలు పుస్తకమయ్యాయో లేదో నాకీరోజుకీ తెలియదు.

సరే, కొట్టేసిన తారీకు మళ్లీ వెయ్యి నాయనా. ఏ రోజు చరిత్రవుతుందో, ఆ రోజు పొద్దున మనకెవరూ చెప్పరు.