ఒకే గొయ్యి, రెండు రాగి రేకులు

పంతొమ్మిదివందల ఇరవైల్లో, పాడేరు అవతలి కొండల్లో ఒక రంపం మిల్లుకు ఏటి నీటితో డైనమో నడిపే పని నాది. ఎగువన ఆనకట్టకు ఒక కొండ ముసలాయన కాపలా. మా ఇద్దరి మధ్యా టెలిఫోను ఉండేది. తీగ ఒకటే, రెండో తీగ పని నేల చేసేది. ఎండాకాలం మా దిగువన రాళ్ల మధ్య ఆడవాళ్లు చేపలు పట్టేవారు, ఆయన భార్య కూడా. ఎగువన నీరు పొంగితే ఆయన ఫోను చెయ్యాలి, నేను గంట కొట్టాలి.

తీరా చూస్తే, డైనమో తిరుగుతుంటే ఫోనులో ఒకటే ఊళ. ఫోను పీకి పారెయ్యమన్నాడు మేనేజరు. నాకు ఒళ్లు మండింది. కారణం దొరికితే మందూ దొరుకుతుంది.

ఊళ డైనమో మోతకంటే బాగా కీచుగా ఉంది. అంటే కరెంటు అల నున్నగా లేదు. పెద్ద అల మీద మూడింతల వేగంతో ఊగే చిల్లర అలలు ఎక్కి కూర్చున్నాయి. పెద్ద అలలు డైనమో నుంచి వచ్చే మూడు తీగల్లో ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. చిల్లరవి మూడింట్లోనూ ఒకేసారి లేచి, కలిసికట్టుగా నేల గుండా తిరిగొస్తాయి. డైనమోను నేలకు కలిపే ఎర్తు తీగ కాసేపు ఊడదీశాను, ఊళ ఆగింది. పిడుగుల కొండల్లో దాన్ని అలా వదిలెయ్యలేం.

తీగల్ని నేలకు కలిపే రాగి రేకుల్ని, డైనమోదీ ఫోనుదీ, ఒకదాని రొద ఇంకోదానికి అంటకుండా దూరదూరంగా పాతమనే చెప్పాను. నేను సామానుకు వెళ్లినప్పుడు పాతించింది ముసలాయనే. వెళ్లి అడిగాను.

“విత్తనాల పండగవకుండా కొత్త మట్టి తవ్వకూడదు బాబూ. అమ్మోరు ఒప్పుకున్న గొయ్యి ఒకటే ఉంది. రెండూ అందులోనే ఎట్టేసినాం,” అన్నాడు.

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పండగ దాకా మబ్బులు ఆగవు కదా. సరే, నేల జోలికే పోనన్నాను. చెట్ల మీదుగా రెండో తీగ లాగి, ఫోనుకు మట్టితో సంబంధం తెంచేశాను. దారిలో అక్కడక్కడా రెండు తీగల స్థానాలూ తారుమారు చేయించాను, మిగిలిన రొద రెండింటికీ సమంగా అంటి రద్దయిపోయేలా. ముసలాయనే ముందుండి మనుషుల్ని చెట్లెక్కించాడు.

పండగ ఇంకా రాకుండానే ఒక మధ్యాహ్నం ఎగువన ఉరిమింది. డైనమో పూర్తి వేగంతో తిరుగుతోంది. ఫోను మోగింది.

“నీరొచ్చేత్తంది బాబూ. మా ముసిల్ది ఏట్లో ఉంది, బేగి కొట్టు.”

ప్రతి మాటా వినబడింది. చేతులు బొబ్బలెక్కేలా గంట కొట్టాను. ఆడవాళ్లు బుట్టలు వదిలేసి గట్టెక్కారు, ఆ వెనకే ఎర్రనీరు రాళ్లను ముంచేసింది.

తిరిగొచ్చి ఫోను అందుకుంటే ఆయన ఇంకా లైన్లోనే ఉన్నాడు.

“ఎక్కిందా?”

ఎక్కిందన్నాను. డైనమో హోరుమంటూనే ఉంది, అవతల ఆయన ఏడుపు నాకు స్పష్టంగా వినిపించింది.