ఎనిమిదో మెట్టు దగ్గర మరక

మా మేడమీద కిరాయికి ఉండే సిస్టరమ్మ మొన్న గురువారం పొద్దున పోయింది. చాయ్ ఇయ్యబోయిన మా అమ్మాయే చూసి కేకేసింది. నా బిడ్డ ఎక్కడా ఆగకుండా ఆ మెట్లన్నీ ఎక్కగలిగిందంటే అది ఆ తల్లి పుణ్యమే. అందుకే నాకొచ్చిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

గోదావరి వైపు మనిషి. నా భుజం దాకా కూడా రాదు. గుండె వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. దేన్నీ నమ్మేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో అతను ఇప్పుడే కదుల్తదంటే దిగి పక్క ఆటో ఎక్కేది. నేనూ ఆమెను నమ్మేవాణ్ణి కాదు.

వచ్చిన నెలకే ఎనిమిదో మెట్టు దగ్గర గోడ మీద మరక చూపించి, ఎవరి చెయ్యని అడిగింది. రంగు వేయించమనడానికి సాకు అనుకున్నాను. బట్టలు ఆరేయడానికి పోతూ మా అమ్మాయి ఆయాసంతో అక్కడ గోడకు చెయ్యి ఆనించి ఆగుతుందని, చిన్నప్పటి కీళ్ల జ్వరంతో గుండె వాల్వు చెడిందని చెప్పాను. రిపోర్టులన్నీ తెప్పించుకుని చూసింది.

"వాల్వు రెండేళ్లుగా అలాగే ఉందండీ అన్నయ్యగారూ. మరి మరకెందుకు పెరుగుతోంది?"

మా ఇంట్లో చిన్న వయసులో ఎవరు పోయారని కూడా అడిగింది. పిల్లకు సంబంధాలు చూస్తున్న రోజులు. కూపీ లాగి కాలనీ అంతా చాటుతుందని అనుమానం. తమ్ముడొకడు బండి కిందపడి పోయాడని అబద్ధమాడాను.

"ఏం బండండీ?" అంది. నేను లోపలికి పోయాను.

ఎల్బీనగర్ మెట్రో మెట్ల మీద బిడ్డ కళ్లు తిరిగి పడ్డాకే నిజం చెప్పాను. "తమ్ముడు వినాయకుని ఊరేగింపు ముందర ఎగురుకుంట కూలిపోయిండమ్మా. తాగి సచ్చిండన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న."

"వాసన చూసిందెవరండీ?" అందామె.

ఆ సంగతి నాచేతే కాగితం మీద రాయించి డాక్టరు ముందు పెట్టింది. మళ్లీ పరీక్షలు చేశారు. వాల్వు జబ్బు చాటున ఇంకోటి దాగి ఉంది. గుండె కండరం మందమయ్యే జబ్బట, అరుదైనది, మా వంశంలోనే దిగి వస్తోందట. రెండింటికీ కలిపి ఆపరేషన్ చేశారు. నా బిడ్డ నాకు దక్కింది. ఆ సంతోషం రాయడానికి నాకు చదువు చాలదు. తమ్ముడి ఫోటో పెట్టెలోంచి తీసి గోడకు పెట్టాను.

మెట్ల గోడకు తెల్ల రంగు వేయించాను. అయినా సిస్టరమ్మకు నమ్మకం లేదు. రోజూ ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకుని గోడను చూసేది.

నిన్న ఆమె గదికి తాళం వేద్దామని పోతుంటే అక్కడే కొత్త మరక కనబడింది. బిడ్డను పిలిచి నిలదీశాను.

"నాది గాదు నాయినా. నా చెయ్యి గంత కిందికుంటదా? సిస్టరమ్మది."

గోడను చూడటానికే ఆగుతోందని అనుకున్నాను. ఆమెకూ ఆయాసమొచ్చి ఆగుతోందేమోనని ఒక్కనాడూ అనుమానించలేదు. తెల్ల రంగు మీద చిన్న చెయ్యి, ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి.