టిక్కు పడని పూట

ఆఫీసులో అందరికీ ఆమె అక్కే. అంబులెన్సులను పంపే కేంద్రానికి ఏళ్లుగా ప్రోగ్రాములు రాస్తోంది. కిందటేడు కంపెనీ ఏఐని తెచ్చిపెట్టింది. కోడు రాసేది అదే, తప్పులు చూసేది అదే. అది టిక్కు పెడితేనే కోడు లోపలికి వెళ్తుంది. చేత్తో రాసేవాళ్లను వెనకబడ్డవాళ్లన్నారు. చదివే టైము దండగన్నారు. అక్క కూడా చదవడం మానేసింది. మానకపోతే బతకనిస్తేగా!

ఆ పొద్దున ఏఐ పనిచేయకుండా పడిపోయింది.

"వంటమనిషి రాలేదు, ఇంటిల్లిపాదీ పస్తే" అన్నాడు పక్కసీటు బక్కోడు, కుర్చీలో గిర్రున తిరుగుతూ.

అంతలో కేంద్రం నుంచి ఫోను. డ్యూటీలో ఉన్నాయన గొంతు కోపంతో మండిపోతోంది.

"ఏంటమ్మా, నిన్న ఏం కెలికారు? ఒక వీధి చెప్తే బండి ఇంకో వీధికి పోతోంది. గుండె పట్టేసిన పెద్దాయన్ని చివరికి పక్కింటివాళ్లు కార్లో తీసుకుపోయారు."

అక్క నిన్నటి చిట్టా తెరిచి చూసింది. నిన్నటి మార్పు తన పేరు మీదే వెళ్లింది. రాసింది ఏఐ, చదివినవాళ్లు లేరు. పాత కోడును తిరిగి పెట్టబోయింది. టిక్కు కావాలంది కంప్యూటరు. చేసిన తప్పు చెరుపుకోవడానికీ ఆ పడిపోయినదాని అనుమతే కావాలి!

మేనేజరు దగ్గరికి పరుగెత్తి సంగతి చెప్పింది.

"ఆగు తల్లీ, ఏఐ గంటలో లేస్తుందట. అందాకా కేంద్రం వాళ్లకేం చెప్పకు. చిన్న అంతరాయమని నేను మెసేజి పెడతాలే."

"ఈ గంటలో ఎవరికైనా ఊపిరాడకపోతే? ఒక్క పూట ఆ టిక్కు అడ్డు తీయించండి సార్."

"నా చేతుల్లో లేదు."

"మరెవరి చేతుల్లో ఉంది?"

ఆయన పైవాళ్లన్నట్టు పైకప్పు వైపు చూశాడు. కోడు చదవొద్దని మనుషుల కళ్లకు గంతలు కట్టేటప్పుడు మాత్రం ఈ చేతులే ముందుకొచ్చాయి.

అక్క ఆయన ఎదురుగానే కేంద్రానికి ఫోను కలిపింది.

"అన్నా, నిన్న మేం పంపింది తప్పు. నా పేరు మీద వెళ్లింది, నేను చదవలేదు. తెర మీది అడ్రసు నమ్మకండి. ఫోను చేసినవాళ్లనే అడిగి డ్రైవరుకు నోటితో చెప్పండి."

డ్యూటీ ఆయన పక్కనున్నవాళ్లకు ఆ మాట అరిచి చెప్పాడు. "ఈ ముక్క ముందే చెప్పాల్సింది కదమ్మా."

"చెప్పాల్సిందే."

మేనేజరు మొహం మాడిపోయింది. "తప్పు మనదేనని ఒప్పేసుకున్నావు. ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది సార్. అందుకేగా ఏడాదిగా నోరు మూసుకున్నా."

ఫోనులో డ్యూటీ ఆయన ఇంకో లైన్లో ఏడుస్తున్న ఎవరినో వీధి పేరు మళ్లీ అడుగుతున్నాడు. బండి ఆ గుమ్మం ముందు ఆగిందని డ్రైవరు చెప్పేదాకా అక్క ఫోను పెట్టలేదు.