డప్పులు ఆగేదాకా రాని చింటూ

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాది గుంటూరు. మావారి ఉద్యోగం వల్ల ఎల్బీనగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఆ రోజు బంద్, పైగా ఆయన ఊళ్లో లేరు. మా పిల్లి చింటూకి ముందురోజు నుంచి మూత్రం ఆగిపోయింది. ఆలస్యమైతే బతకడని డాక్టరుగారు ఫోన్లో చెప్పారు. ఆటోలు లేవు. బుట్టలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌కి నడక మొదలుపెట్టాను.

ఆస్పత్రికి అని బుట్ట తీస్తేనే వణికిపోయే చింటూ దారంతా అరుస్తూ, గోకుతూనే ఉన్నాడు. దీక్షా శిబిరం దగ్గర డప్పులు ఒక్కసారిగా మోగేసరికి మూత తోసుకుని దూకి, వేదిక కిందికి దూరిపోయాడు. నా యాస వింటే వాళ్లేమంటారోనని నోరు మెదపడానికి భయం. అయినా ఆగలేక రోడ్డు మీదే బోర్లా పడుకుని, "చింటూ, రారా నాన్నా!" అని ఏడ్చేశాను.

శిబిరంలోంచి ఓ పెద్దావిడ పరుగున వచ్చింది. "ఏందమ్మా, ఏమైంది?"

"మా పిల్లి అండీ... డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకపోతే చచ్చిపోతాడు."

"జర డప్పులు ఆపుండ్రి! పిల్లి బెదురుతున్నది!" అని ఆవిడ కేకేసింది. అందరూ గప్‌చుప్‌గా కూర్చున్నారు. ఆవిడ తన భుజం మీది కండువా నాకిచ్చి, "కండ్లు కప్పు బిడ్డా. ఏం కనవడకుంటే నిమ్మలమైతది" అంది.

కాసేపటికి చింటూ పాకుతూ వచ్చాడు. కండువాలో చుట్టగానే వణుకు తగ్గింది. "ఇగ ఉరుకు!" అందావిడ.

చింటూ బతికాడు. వారం తర్వాత కండువా తిరిగిద్దామని వెళ్తే, అప్పటికే శిబిరం ఎత్తేశారు. ఆవిడ పేరైనా అడగలేదు. వాళ్లని చూసి భయపడినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.