ఎర్ర కారు వేసిన ముగ్గు

ఆ రోజుల్లో నాకు ఒక్కటే గర్వం ఉండేది. బండి ఏదైనా సరే, స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించానంటే దాని రోగమేమిటో చెప్పేస్తానని. అక్షరాలు నలభై దాటాక రాత్రి బడిలో కూర్చుని కూడబలుక్కున్నవాణ్ణి గానీ, స్టీరింగ్ మాత్రం మీసాలు రాకముందే చేతికొచ్చింది. విజయవాడలో బియ్యం మిల్లులకి పాతికేళ్లు లారీ తోలాను. అలాంటివాణ్ణి, తమ్ముడు వేసిన అప్లికేషను ఏళ్లూ పూళ్లూ నడిచి గ్రీన్ కార్డు రావడంతో, భార్యను వెంటబెట్టుకుని నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్లో వాళ్లింటికొచ్చి పడ్డాను. చెట్లూ కార్లూ తప్ప మనిషి కనపడని ఊరది. పొద్దున కాఫీ తాగి పెరట్లో గడ్డి వంక చూడటం, మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ అదే గడ్డి వంక చూడటం. (గడ్డికి కూడా నా మొహం మొత్తే ఉంటుంది.) అప్పటికే యాభై దాటాయి. అయినా అమెరికాలో మొదటి ఉద్యోగం కోసం తిరిగేవాణ్ణి కుర్రాడనే అనాలి. కాబట్టి ఇది నా కుర్రతనం కథ కిందే జమ కట్టుకోండి.

ఊరి చివర ఒక మనవాడి గ్యారేజీ ఉండేది. వరంగల్ మనిషి. గడ్డం చూసి అందరూ ఆయన్ని గడ్డం సేటు అనేవాళ్లు. పనిమ్మని అడగడానికి వెళ్తే నన్ను పైకీ కిందికీ చూశాడు. "పెద్దన్నా, లారీలు వేరే, ఈడి బండ్లు వేరే. మీ తమ్ముని ఎర్ర కారు రోడ్డు మీద తాగినోని లెక్క ఊగుతుందట గదా? గా రోగమేందో పట్టు. శనివారం నన్ను పక్కన కూసోబెట్టుకొని సీదా నడుపు. సోమవారం నుంచి పన్ల జేరు." నేను ఎగతాళిగా నవ్వాను. శనివారం దాకా ఎందుకండీ, సాయంత్రానికి చెప్తానన్నాను. (ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.)

ఆ కారు సంగతి చెప్పాలి. మజిల్ కారంటారు. అరవైల్లో తయారైన రెండు తలుపుల బండి, ఒళ్లు కారుదీ గుండె లారీదీ. తమ్ముడు దాన్ని ప్రాణం పెట్టి కొన్నాడు. కొన్నరోజు మా ఆడవాళ్లు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తాళం చెవులు దేవుడి దగ్గర ఉంచారు. పాత బండి కదా, ఇంజనుకొక చెవి, డిక్కీకొక చెవి. ఇంజను చెవి ఆ రోజే తమ్ముడి జేబులోకి వెళ్లింది. డిక్కీ చెవి ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. మొదట్లో కారు గీత గీసినట్టు పోయింది. ఆ తర్వాత ఉన్నట్టుండి తప్పతాగడం మొదలెట్టింది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే అది ఎడమకి జారేది. సర్దితే కుడికి పోయేది. పక్కనుంచి ట్రక్కు పోతే దాని గాలికే వణికేది. "అన్నయ్యా, ఇట్లాగే ఉంటే అమ్మేస్తా, భయంగా ఉంది" అన్నాడు తమ్ముడు.

ఇక నా అవస్థ మొదలైంది. టైర్లలో గాలి చూశాను, బానే ఉంది. జాకీ పెట్టి ముందు చక్రాలు లేపి పట్టుకుని ఊపాను, ఎక్కడా లూజు లేదు. అయినా అనుమానంతో టై రాడ్ ఎండ్లు మార్పించాను. ఊగింది. బాల్ జాయింట్లు మార్పించాను. ఊగింది. స్టీరింగ్ బాక్సు బిగించాను. అప్పుడు ఊగడంతోపాటు తిప్పిన స్టీరింగ్ వెనక్కి రావడం కూడా మానేసింది. మళ్లీ వదులు చేశాను. అలైన్‌మెంట్ చేసేచోటికి తీసుకెళ్తే మిషను చూసి అంతా సరిగ్గా ఉందన్నారు. వెనక కాస్త కుంగినట్టుంది గానీ, వెనక బరువు మోసే కమాన్ పట్టీలు ముసలివి కదా, నా నడుమూ అలాగే ఉందిలే అనుకుని వదిలేశాను. కారు కింద వెల్లకిలా పడుకుని దాని కడుపులోకి చూస్తూ ఉండిపోయేవాణ్ణి. నాకొచ్చిన విద్య ఇదొక్కటే. ఇదీ రాదని తేలితే ఇక గడ్డే గతి. లోపల్నుంచి ఏడుపొచ్చేది. గ్రీజు చేతులతో కళ్లు తుడుచుకోలేక అలాగే వదిలేసేవాణ్ణి.

మా ఆవిడ మాత్రం రోజూ తలుపు దగ్గర నిలబడి ఒకటే మాట. "బాగుపడిందా? ఎక్కువ తిప్పమాకయ్యా దాన్ని. అసలే పాతది."

"నీకెందుకే కారు సంగతి?"

"నాకెందుకు? ఊరికే అన్నాలే."

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, కూడా ఎప్పుడూ లేనిది నా మీద తెగ జాలిపడేది. "పోనీలెండి బావగారూ, కారు ఇంట్లోనే ఉండనివ్వండి, చూసుకోవడానికి బాగుంటుంది." వీళ్లకి నా బతుకంటే ఇంత చులకనా అని కుళ్లిపోయాను. శుక్రవారం అన్నం మానేశాను. శనివారం పొద్దున, ఉరికంబం దగ్గరికి వెళ్లేవాడిలా గ్యారేజీకి వెళ్లి గడ్డం సేటుని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

కారు దాని తీరున అది పోతోంది. సేటు ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో గడ్డం పట్టుకున్నాడు. "పెద్దన్నా, నువ్వు నడుపుతున్నవా, అదే నడుస్తుందా?" చెరువు పక్క మలుపు తిరిగేసరికి బాతుల గుంపొకటి తీరుబడిగా రోడ్డు దాటుతోంది. బ్రేకు మీద నిలబడ్డాను. వెనక ఏదో దబ్బుమని జారింది. వెనక ఇరుసు పోయిందేమో, దేవుడా అనుకుంటూ మళ్లీ పోనిచ్చాను. కాసేపటికి వెనక కారాయన హారన్ కొడుతూ చెయ్యి ఊపాడు. సేటు తల బయటపెట్టి చూసి, "అరె ఆపు ఆపు! నీ కారు ముగ్గు పోస్తుందే!" అన్నాడు.

దిగి చూశాను. నల్లటి రోడ్డు మీద తెల్లటి గీత. మేమెలా వచ్చామో అలాగే, ఎడమకీ కుడికీ వంకర్లు పోతూ, చెరువు దాకా. డిక్కీ అడుగున తుప్పు పట్టిన కన్నంలోంచి సన్నటి ధారగా సోనామసూరి బియ్యం! డిక్కీ తెరుద్దామంటే చెవి లేదు. ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడే ఎత్తింది.

"డిక్కీ తాళం చెవి ఎక్కడే?"

"ఎందుకు?"

"రోడ్డు మీద బియ్యం పోతన్నాయి."

"అయ్యో, అయ్యో! ఎన్ని పోయినయ్యి?"

జరిగిందేమంటే, ఆ ఏడాది ఇండియా నుంచి బియ్యం ఆగిపోతాయని ఒకటే పుకారు. స్టోరులో మనిషికొక బస్తా అని బోర్డు పెట్టారు. మా ఆడవాళ్లిద్దరూ వంతులేసుకుని, చీరొకసారి, చుడీదారొకసారి కట్టుకుని వెళ్లి తెచ్చేవాళ్లట. ఇంకో బస్తా ఇంట్లోకొస్తే ఒప్పుకోనని తమ్ముడు గోల చేశాడు. దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనక డిక్కీ చెవి దొరికింది. ఇంకేముంది, ఆ కారు ఎలాగూ ఎప్పుడోగానీ కదలదని అందులో దాచారు. మరదలు చెవి పట్టుకుని వచ్చి తెరిస్తే, మిల్లు గోదాములా బస్తా మీద బస్తా.

పాతికేళ్లు హమాలీల మీద నేను అరిచిన అరుపే చెవిలో మోగింది. "ఒరేయ్, సరుకంతా వెనక్కే నెట్టమాకండ్రా! ముందు తేలిపోద్ది, స్టీరింగు మాటినదు!" ప్రపంచంలో నాకు నిజంగా తెలిసిన ఒకే ఒక్క సంగతి అది. బస్తాలన్నీ గడ్డిలోకి దించాం. సేటు కారు తీసుకుని అలా వెళ్లాడు. గీత గీసినట్టు పోయింది. నేను మాత్రం బస్తాల మీద కూర్చుని, ముగ్గు గింజలు ఏరుకుంటూ నా దాకా వచ్చిన బాతుల్ని చెప్పుతో అదిలిస్తూ, ఇండియాకి తిరుగు టికెట్ తియ్యమని తమ్ముణ్ణి ఎప్పుడడగాలా అని ఆలోచిస్తున్నాను.

సేటు తిరిగొచ్చి దిగాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "రోగం నువ్వు పట్టలే పెద్దన్నా. బియ్యమే చెప్పినయి. నౌకరి ఇస్తే బియ్యానికియ్యాలె." తల దించుకున్నాను. ఆయన నా పక్కన ఇంకో బస్తా మీద కూర్చుని, దాన్ని చేత్తో నిమిరి, గొంతు తగ్గించాడు. "సోమవారం రా. వచ్చేటప్పుడు గీ బస్తా ఒకటి పట్టుకరా. మా ఇంట్ల పది రోజుల సంది రొట్టెలే పెడుతున్నరు."

అలా దొరికింది ఆ ఉద్యోగం. ఒళ్లు సహకరించినంత కాలం అక్కడే చేశాను. ఏ బండొచ్చినా ముందు డిక్కీ తెరిచేవాణ్ణి. తెల్లవాళ్లకి నేను దేనికోసం చూస్తున్నానో ఎప్పటికీ అర్థం కాలేదు. నేను కొంచెం గొంతు పెంచితే చాలు, మా ఆవిడ ఇప్పటికీ, "నీ ఉద్యోగం నా డిక్కీలోది" అంటుంది. ఆ చెరువు పక్కగా వెళ్లినప్పుడల్లా నా చూపు ఆ గడ్డి మీదికి పోతుంది. బతుకు ముగిసిపోయిందనుకుని, బస్తాల మీద కూర్చుని బాతుల్ని తిడుతున్న ఆ మనిషి అక్కడ కనిపిస్తాడు. కారాపి, "ఒరే పిచ్చోడా, నీ కింద చూసుకోరా" అని చెప్పాలనిపిస్తుంది. అంతలోకే నవ్వొస్తుంది. వాడు వినే రకం కాదు.